సర్వరు నిండేదెప్పుడు?

కాలేజీలు, బ్యాంకులు, ఆసుపత్రులు నేడు తమ ఫైళ్ళను ఒక్కో కంప్యూటరులో విడివిడిగా గాక, నెట్‌వర్కులోని స్టోరేజి సర్వరులో దాస్తున్నాయి. ఆ డిస్కు నిండిందంటే కొత్త ఫైలు ఒక్కటీ ఎక్కదు. మరి నిండకముందే తెలిసేదెలా?

బావిలో ఇవాళ నీళ్ళెన్ని ఉన్నాయని మాత్రమే చూసి రైతు నారు పోయడు. రోజుకెంత తగ్గుతున్నదీ చూస్తాడు. సర్వరుకూ అంతే. 1000 గిగాబైట్ల డిస్కులు రెండున్నాయనుకుందాం. మొదటిది 900 నిండింది, రోజుకు 1 చొప్పున పెరుగుతోంది. రెండవది 700 నిండింది, రోజుకు 10 పెరుగుతోంది. చూపుకు మొదటిదే ప్రమాదంలో ఉన్నట్టుంటుంది. కాని దానికి 100 రోజుల గడువుంది. రెండవదానికి 30 రోజులే! ఈ సంగతి ఒక్కరోజు అంకె చెప్పదు, నెలరోజుల గీత వాలు చెబుతుంది.

ఇటువంటి గీతలకు సాధనాలున్నాయి. ఇంగ్లండులోని డి మాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయంలో 1995లో టోబియాస్ ఓటికర్, ఇంటర్నెట్ లైను రద్దీని గీతగా చూపే యం.ఆర్‌.టి.జి. రాశాడు. 1999లో ఆర్‌.ఆర్‌.డి.టూల్ తెచ్చాడు. డిస్కు నిండుదలైనా, లైను రద్దీ అయినా, సాధారణంగా 5 నిమిషాలకోసారి తీసిన కొలతలను ఇది గుండ్రంగా తిరిగే పట్టికలో రాస్తుంది. పట్టిక నిండాక పాతవాటిపైనే కొత్తవి పడతాయి. కనుక దాని ఫైలు పెరగదు. పాత కొలతలు సగటులుగా కుదించబడతాయి.

ఇక్కడే జాగ్రత్త కావాలి. రోజంతటికీ సగటు తీస్తే పది నిమిషాల రద్దీ కనబడకుండా పోతుంది. అందుచేత సగటుతోపాటు గరిష్ఠాన్నీ దాచాలి. గీత గీస్తే చాలదు. దాన్ని రోజూ చూసేవాళ్ళుండాలి.