నోరులేని జీవాలకు వైద్యం – ప్రేమ ఒక్కటే చాలదు



వార్షికోత్సవానికి వచ్చిన ప్రతిసారీ తొమ్మిది, పది తరగతుల పిల్లలు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "అన్నా, నాకు మూగజీవాలంటే ప్రాణం. నేను పశువుల డాక్టర్ని కాగలనా?" దీనికి జవాబు ఈ సంచికలో రాయమని సంపాదకవర్గం వారు కోరారు. మేము ఈ హాస్టల్లో ఆరో తరగతి నుంచి పది వరకు చదువుకున్నాం. ఇప్పుడు పశువైద్యంలో పీజీ మొదటి సంవత్సరం చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి వాళ్ళం మేమే. అందువల్ల పుస్తకాల్లో ఉన్నదానితో పాటు, మనలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవారికి ప్రత్యేకంగా తెలియవలసింది కూడా ఇక్కడ రాస్తున్నాం.

జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే, తప్పకుండా కాగలరు. ప్రేమ ఉంటే ఈ చదువులోకి రావచ్చు. అయితే ఇందులో నిలబడాలంటే ఆ ప్రేమ చూపుగా, చదువుగా, బాధ్యతగా మారాలి. ఎలా మారాలో చూద్దాం.

ప్రేమ అంటే గమనించడం

మనిషి డాక్టరు దగ్గరికి వెళ్ళి "కుడివైపు పొట్టలో నొప్పిగా ఉంది" అని చెబుతాడు. గేదె చెప్పదు. దాని బాధను మనమే చదవాలి. నెమరు ఆగిందా? ముట్టె తడి ఆరిందా? చెవులు చల్లబడ్డాయా? పేడ గట్టిపడిందా, పలచబడిందా? మందలో వెనకబడి నడుస్తోందా? మీలో చాలామందికి ఇవి తెలుసు. పాలు పితికే అమ్మ "ఇవాళ దీనికి ఒంట్లో బాగాలేదు" అంటుంది చూడండి, రోగ నిర్ధారణలో అదే మొదటి మెట్టు.

కళాశాలలో మాకు నేర్పింది కూడా ఇదే. పశువు మీద చెయ్యి వేయడానికి ముందు కాస్త దూరంలో నిలబడి చూడమన్నారు. నిలబడిన తీరు, శ్వాస, డొక్కలు, కళ్ళు చూసిన తర్వాతే థర్మామీటరు తీయమన్నారు. ఇంగ్లిషు పాఠాల్లో మేము మొదటి ఏడాది చాలా అవస్థ పడ్డాం గాని, పశువుల పాకలో మాత్రం ఎవరికన్నా వెనకబడలేదు. గొర్రెను ఎలా పట్టుకోవాలో, తన్నే గేదె దగ్గరికి ఏ వైపు నుంచి వెళ్ళాలో మాకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేకపోయింది. ఇంటి దగ్గర నేర్చుకున్నది చదువు కాదని అనుకోకండి.

అయితే తెలిసినదానికి కొలత కావాలి. "ఒళ్ళు కాలుతోంది" అంటే సరిపోదు. ఆవు మామూలు ఉష్ణోగ్రత సుమారు 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్. గొర్రెకు 102 నుంచి 103 వరకు ఉంటుంది. కోడికి 106, 107 డిగ్రీలు ఉన్నా అది జ్వరం కాదు. చూలు కాలం ఆవుకు సుమారు 280 రోజులు, గేదెకు 310, గొర్రెకు, మేకకు 150, పందికి 114, కుక్కకు 63 రోజులు. ఈ అంకెలు ఇప్పుడే నోటికి వస్తే మంచిది.

పాల జ్వరం చెప్పే పాఠం

పశువైద్యం ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాం. బాగా పాలిచ్చే ఆవు ఈనిన రెండు మూడు రోజుల్లోపే హఠాత్తుగా కూలబడుతుంది. మెడను డొక్క వైపు తిప్పి పడుకుంటుంది. లేపినా లేవదు. చూసినవాళ్ళు దిష్టి అంటారు, గాలి సోకిందంటారు. దీని పేరు పాల జ్వరం. పేరులో జ్వరం ఉన్నా ఒళ్ళు మాత్రం చల్లబడి ఉంటుంది. ఈనగానే పాలలోకి సున్నం, అంటే కాల్షియం, ఒక్కసారిగా వెళ్ళిపోతుంది. ఎముకల్లో నిల్వ ఉన్నది అంత వేగంగా రక్తంలోకి రాలేదు. కండరాలు పనిచేయాలంటే కాల్షియం కావాలి కనుక ఆవు లేవలేకపోతుంది.

దీనికి కాల్షియం ద్రావణాన్ని నరంలోకి ఎక్కిస్తారు. చాలాసార్లు సీసా పూర్తయ్యే సమయానికి ఆవు తేన్పు తీస్తుంది, పేడ వేస్తుంది, కొద్దిసేపటికి లేచి నిలబడుతుంది. చూసినవాళ్ళకు అది మహిమలా ఉంటుంది. కాని అదే మందును తొందరపడి వేగంగా ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. అందుకే గుండె చప్పుడు వింటూ నెమ్మదిగా ఎక్కించాలి. ఆవు మీద ప్రేమ ఇంటివారికీ ఉంది, డాక్టరుకూ ఉంది. ఆవును లేపింది మాత్రం కాల్షియం గురించి చదివిన చదువు, గుండె చప్పుడు వినే ఓర్పు.

తెలియని ప్రేమ చేసే హాని

మందు ఒక పశువుకు మేలు చేస్తూ ఇంకొక ప్రాణికి ప్రాణాంతకం కావచ్చు. మన దేశంలో నొప్పితో బాధపడే పశువులకు డైక్లోఫెనాక్ ఇంజక్షన్ విరివిగా వాడేవారు. పశువుకు ఉపశమనం కలిగేది. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిపోయిన పశువు కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చనిపోయేవి. 1990ల నుంచి రాబందులు మాయమవుతూ వచ్చాయి. తెల్లవీపు రాబందులైతే 2007 నాటికి 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. అసలు కారణం ఈ మందేనని 2004లో తేలింది. 2006లో పశువులకు ఈ మందు వాడకాన్ని మన దేశంలో నిషేధించారు. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ మందులను కూడా పశువులకు వాడకుండా నిషేధించారు. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ఇప్పుడు వాడుకలో ఉంది.

ఇక్కడ ఎవరూ చెడు తలపెట్టలేదు. పశువు నొప్పి తగ్గించాలనే అనుకున్నారు. కనుక ఒక్క జీవిని ప్రేమించే మనిషి దాని చుట్టూ ఉన్న జీవులన్నిటి గురించి ఆలోచించడం నేర్చుకోవాలి. ఫార్మకాలజీ పాఠం కష్టంగా అనిపించినప్పుడు మేము రాబందులను గుర్తు చేసుకుంటాం.

"మనుషుల డాక్టరు కాలేకపోయావా?"

ఈ మాట మీరు కూడా వింటారు. బంధువులే అంటారు. మాకు సీటు వచ్చినప్పుడు పెళ్ళిళ్ళలో, పండుగల్లో ఎన్నోసార్లు విన్నాం. దీనికి కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పడానికి చరిత్ర తెలిసి ఉండాలి.

కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని శిలాశాసనాలు ఉన్నాయి. వాటిలో మనుషులకు వైద్యం, పశువులకు వైద్యం రెండింటినీ పక్కపక్కనే చెప్పారు. ఆధునిక కాలంలో మొదటి పశువైద్య పాఠశాల 1761లో ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో క్లాడ్ బూర్జెలా ప్రారంభించాడు. ఆనాడు యూరపులో పశువులను తుడిచిపెడుతున్న ముసర వ్యాధి అందుకు ఒక ముఖ్య కారణం. మన దేశం 2006లో ఆ వ్యాధి నుంచి విముక్తమైంది. 2011లో ప్రపంచమంతటా అది లేకుండా పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత మానవజాతి భూమి మీద లేకుండా చేసిన రెండో వ్యాధి ఇదే. దీని వెనుక ఊరూరా తిరిగి టీకాలు వేసిన పశువైద్య సిబ్బంది కష్టం ఉంది.

ఇంకో సంగతి. పశువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బులు ఎన్నో ఉన్నాయి. 1885 జులై 6న లూయీ పాశ్చర్ ఒక బాలుడికి పిచ్చికుక్క కాటు టీకా వేశాడు. ఆ రోజునే ఏటా ప్రపంచ జూనోసిస్ దినంగా జరుపుతారు. రేబిస్ లక్షణాలు కనిపించాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కనుక కుక్క కరిస్తే పావుగంట సేపు సబ్బుతో, ధారగా పడే నీటితో గాయం కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. వీధికుక్కలకు టీకా వేసే పశువైద్యుడు మనుషుల ప్రాణాలనే కాపాడుతున్నాడు.

మన తాతలు చేసిన పని

ఇది మన హాస్టల్ సంచిక కాబట్టి ఈ మాట ఇక్కడే రాయాలి. మా తాతల తరం ఊళ్ళో చచ్చిన గొడ్డును ఊరి బయటికి చేర్చేది, తోలు తీసేది. ఆ పనికి కూలి తక్కువ, గౌరవం అసలే లేదు. కాని పశువు లోపల ఏ అవయవం ఎక్కడ ఉంటుందో, ఏది మామూలుగా ఉందో, ఏది పాడైందో వాళ్ళ చేతులకు తెలుసు. ఆ జ్ఞానాన్ని ఎవరూ జ్ఞానంగా లెక్కపెట్టలేదు. కళాశాలలో శవపరీక్ష పాఠంలో మేము నేర్చుకున్నదీ పశువు కళేబరాన్ని తెరిచి చదవడమే. ఇప్పుడు దానికి ఆప్రాన్, గ్లోవ్స్, మార్కులు ఉన్నాయి.

వాళ్ళకు దక్కనిది రక్షణ. దొమ్మ రోగంతో (ఆంత్రాక్స్) చచ్చిన పశువుకు ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారవచ్చు. అటువంటి కళేబరాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కోయకూడదు, తోలు తీయకూడదు. కోస్తే ఆ క్రిములు గాలి తగిలి గట్టి పెంకు కట్టుకొని నేలలో దశాబ్దాల పాటు బతుకుతాయి. ముట్టుకున్న మనిషికీ సోకుతాయి. అలాగే ఈసుడు రోగం (బ్రూసెల్లోసిస్) ఉన్న పశువు ఈసుకుపోయినప్పుడు మావిని ఒట్టి చేతులతో తీస్తే మనిషికి ఆ జ్వరం అంటుకుంటుంది. ఈ సంగతులు ఊళ్ళో అందరికన్నా ముందు మన ఇళ్ళకే చేరాలి. మన పిల్లలు ఈ చదువు చదవడం ఉద్యోగం కోసమే కాదు, ఇందుకోసం కూడా.

కష్టాలు కూడా తెలుసుకోండి

ఇది శుభ్రమైన బట్టలతో కూర్చుని చేసే పని కాదు. తన్నులు తగులుతాయి. అర్ధరాత్రి ఈత కష్టమైందని పిలుపు వస్తుంది, భుజం దాకా చెయ్యి పెట్టి అడ్డం తిరిగిన దూడను సరిచేయాలి. కబేళాలో మాంసం పరీక్షించడం కూడా ఈ వృత్తిలో భాగమే. జంతు ప్రేమికులకు మొదట అది మింగుడుపడదు. ఎంత చేసినా కొన్ని పశువులు చనిపోతాయి. రాత్రంతా కాపలా కాసిన దూడ తెల్లవారేసరికి పోతే ఎవరికైనా కన్నీరు వస్తుంది. కన్నీరు తుడుచుకొని ఎందుకు పోయిందో రాసుకోగలిగినవారే రెండో దూడను కాపాడగలరు.

అన్నిటికన్నా కష్టమైనది పలుపు పట్టుకొని నిలబడ్డ మనిషిని చూడడం. "గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ" అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఒక్క గేదె ఉన్న ఇంటికి ఆ గేదే నెల జీతం. ఆ ఇంటికి పదిరకాల మందులు రాసిస్తే అది వైద్యం కాదు. అవసరమైనదే రాయాలి. బతకదని తెలిసినప్పుడు అప్పు చేయించకుండా నిజం చెప్పాలి. ఇటువంటి ఇళ్ళ నుంచే వచ్చాం కనుక ఈ విషయం మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఎలా చేరాలి?

ఇంటర్మీడియట్‌లో బైపీసీ తీసుకోవాలి. కోర్సు పేరు బి.వి.ఎస్సీ. అండ్ ఎ.హెచ్. ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నర ఏళ్ళు. ఆంధ్రప్రదేశ్‌లో 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి కళాశాలలు ఉన్నాయి. తెలంగాణలో పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు కళాశాలలు ఉన్నాయి. ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లను నీట్ ర్యాంకు ఆధారంగా అఖిల భారత కోటాలో భర్తీ చేస్తారు. మిగతా సీట్లకు విశ్వవిద్యాలయాలు ఏటా ప్రకటన ఇస్తాయి. ఏ ర్యాంకు చూస్తారో, ఏ పత్రాలు కావాలో ఆ ప్రకటనలో ఒక్కో అక్షరం చదవండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే తీసి ఉంచుకోండి. స్కాలర్‌షిప్ వివరాలు వార్డెన్ గారిని అడగండి. సీటు రాకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. పదో తరగతి మీద రెండేళ్ళ పశుసంవర్ధక డిప్లొమా కూడా ఉంది.

పట్టా తర్వాత ప్రభుత్వ పశువైద్యశాలలే కాక డెయిరీలు, కోళ్ళ పరిశ్రమ, టీకాల తయారీ, జంతు ప్రదర్శనశాలలు, సైన్యంలోని రిమౌంట్ వెటర్నరీ కోర్, బ్యాంకుల్లో వ్యవసాయ అధికారి ఉద్యోగాలు ఉన్నాయి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు కూడా ఈ డిగ్రీ అర్హతే. చెల్లెళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. "ఆడపిల్లకు గొడ్ల పని ఏమిటి" అనేవారికి, ఇంట్లో పాలు పితికేది ఎవరో అడగండి.

ఈ సెలవుల్లో చేయవలసిన పని

ఇంటికి వెళ్ళాక ఏదో ఒక పశువును రోజూ అరగంట గమనించండి. ఎన్నిసార్లు నెమరు వేసింది, ఎంత నీళ్ళు తాగింది, నిమిషానికి ఎన్ని శ్వాసలు తీసింది ఒక నోటుపుస్తకంలో రాయండి. ఊళ్ళో గాలికుంటు టీకాలు వేసే రోజున వెళ్ళి పశువును పట్టుకోవడంలో సాయం చేయండి. డాక్టరు గారిని రెండు ప్రశ్నలు అడగండి. ఎవరి పశువైనా జబ్బు పడితే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుందని ఇంటింటికీ చెప్పండి.

పది రోజుల తర్వాత కూడా ఆ పుస్తకం రాయాలనిపిస్తే ఈ చదువు మీదే. వచ్చే వార్షికోత్సవానికి ఆ పుస్తకాన్ని వెంట తీసుకురండి. కలిసి కూర్చుని చూద్దాం.