పిన్ను పడితే సరిపోదు: లాప్‌టాప్ చార్జరు గురించి దాతలకు ఒక పాఠం

మన సొసైటీ చదువుల విభాగానికి దాతలు ఇచ్చే వస్తువుల్లో ఒకప్పుడు పుస్తకాలు, సైకిళ్ళు, కుట్టుమిషన్లు ఉండేవి. ఇప్పుడు వాటి పక్కన వాడిన లాప్‌టాప్‌లు వచ్చి చేరుతున్నాయి. హైదరాబాదులోనో గల్ఫ్‌లోనో ఉద్యోగాలు చేసే మన పిల్లలు కొత్తది కొనుక్కుని, పాతది ఊళ్ళో చదువుకునే వారికివ్వమని పంపుతున్నారు. వాటిలో గేమింగ్ లాప్‌టాప్‌లు కూడా ఉంటున్నాయి. ఆ పేరు వినగానే కొందరు పెద్దలు "ఆటలాడుకునే మిషను చదువుకునే పిల్లకెందుకు మాస్టారూ?" అని అడుగుతారు.

ముందు ఆ అనుమానం తీర్చుకుందాం. గేమింగ్ లాప్‌టాప్ అంటే మామూలు ప్రాసెసరుతో పాటు బొమ్మల లెక్కలు చేయడానికి విడిగా ఒక గ్రాఫిక్స్ చిప్ ఉన్న యంత్రం. ఆటల కోసమే దాన్ని తయారు చేశారు, నిజమే. కానీ ఇంజనీరింగు విద్యార్థి యంత్రభాగాలను మూడు కోణాల్లో గీయడానికి, భవనాల నమూనాలు తయారు చేయడానికి, కృత్రిమ మేధ ప్రోగ్రాములు నడపడానికి కూడా ఆ చిప్పే కావాలి. బి.టెక్. చదివే బిడ్డకు ఇలాంటిది దొరకడం అదృష్టం. అయితే దానికి ఆకలి ఎక్కువ. ఈ వ్యాసం ఆ ఆకలి గురించే.

ఇంట్లో మనం వాడే మామూలు లాప్‌టాప్‌కు 45 లేదా 65 వాట్ల చార్జరు చాలు. గేమింగ్ లాప్‌టాప్‌లతో వచ్చే చార్జర్లు 120, 150, 180, 230 వాట్లు, పెద్దవాటికైతే 330 వాట్ల దాకా ఉంటాయి. ఎందుకంత? లెక్క చూద్దాం. ఈ తరహా ప్రాసెసరు స్థిమితంగా పనిచేస్తే 45 వాట్లు తీసుకుంటుంది. గ్రాఫిక్స్ చిప్ ఒక మోస్తరుదైనా 80 వాట్ల దాకా తాగగలదు. తెర, ఫ్యాన్లు, మెమరీ, మిగతా సరంజామా కలిపి మరో 15 అనుకోండి. మొత్తం 140. అందుకే తయారీదారు దానితో 150 వాట్ల చార్జరు ఇస్తాడు. అది దుబారా కాదు. పని జరుగుతుండగా బ్యాటరీ ఎక్కడానికి మిగిలేది ఆ పది వాట్లే.

అసలు చార్జరు పోయిందనుకోండి. దాత ఇంట్లో మరిచిపోయి ఉండవచ్చు, వైరు తెగి ఉండవచ్చు. బజారుకు వెళితే "పిన్ను పడితే చాలు భాయ్, పనిచేస్తుంది" అని ఒకటి చేతిలో పెడతారు. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. ఒకే కంపెనీ, ఒకే సైజు పిన్నుతో చిన్న చార్జర్లూ పెద్ద చార్జర్లూ అమ్ముతుంది. హెచ్.పి. వారి నీలిరంగు కొన ఉన్న సన్నపిన్ను చార్జర్లనే చూడండి. అందులో 45 వాట్లది ఉంది, 65 ఉంది, 90 ఉంది, 150 ఉంది, 200 కూడా ఉంది. అయిదూ ఒకే రంధ్రంలో చక్కగా కూర్చుంటాయి. పిన్ను పట్టడం తలుపుకు తాళంచెవి పట్టడం లాంటిది కాదు. గొట్టం సైజు సరిపోయిందని చెబుతుందే తప్ప ఆ గొట్టంలో ఎన్ని నీళ్ళు వస్తాయో చెప్పదు.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి మేం తరగతిలో చెప్పే ఉదాహరణే ఇక్కడా చెబుతాం. మేడ మీద ట్యాంకు ఉంది. కింద మోటారు నీళ్ళు ఎక్కిస్తోంది. ఇంట్లో కుళాయిలు తిప్పారు. మోటారు నిమిషానికి 65 లీటర్లు ఎక్కిస్తుంటే కుళాయిలు 140 లీటర్లు వదులుతున్నాయి. మోటారు ఆడుతూనే ఉంది, చప్పుడు వినబడుతూనే ఉంది, అయినా ట్యాంకు ఖాళీ అవుతుంది. మోటారు చార్జరు, ట్యాంకు బ్యాటరీ, కుళాయిలు లాప్‌టాప్ చేసే పని. 140లో 65 తీసేస్తే లోటు 75 వాట్లు. బ్యాటరీలో 50 వాట్-అవర్ల శక్తి ఉంటే, 50ని 75తో భాగించండి. గంటలో మూడింట రెండు వంతులు, అంటే 40 నిమిషాలు. చార్జరు గోడకు తగిలించి ఉండగానే లాప్‌టాప్ చచ్చిపోతుంది.

ఇది పుస్తకంలో లెక్క మాత్రమే కాదు. మన దగ్గర లాప్‌టాప్ తీసుకున్న ఒక అమ్మాయి మెకానికల్ మూడో సంవత్సరం చదువుతోంది. తండ్రి ఆటో నడుపుతారు. దాత ఇచ్చిన లాప్‌టాప్‌కు చార్జరు లేకపోతే, ఆయనే తన సంపాదనలోంచి ఒకటి కొని తెచ్చారు. రాత్రుళ్ళు నోట్సు రాసుకున్నంత కాలం అంతా బాగుంది. ప్రాజెక్టులో గేరు నమూనా తిప్పి చూపించే పని మొదలయ్యాక యంత్రం నత్తలా నడవడం, ముప్పావు గంటలోపే ఆరిపోవడం మొదలైంది. రెండుసార్లు చేసిన పని సేవ్ కాకుండానే పోయింది. ప్రాజెక్టు సమీక్ష పది రోజుల్లో ఉంది. ఆ అమ్మాయి తన చేతిలోనే ఏదో చెడిందని భయపడి ఎవరికీ చెప్పలేదు. తండ్రి వచ్చి, "మాస్టారూ, తిరిగి ఇచ్చేస్తాం, మావల్ల పాడైందని అనుకోకండి" అన్నారు.

మన కమిటీలో ఒకరు బ్యాటరీ పోయి ఉంటుంది, కొత్తది వేయిద్దామన్నారు. మరొకరు దాత చెడిపోయిన సరుకు వదిలించుకున్నారేమోనని సందేహపడ్డారు. ఆ రెండో మాట మాకు బాధ కలిగించింది. మంచి మనసుతో ఇచ్చిన మనిషి మీద నింద పడడానికి ఎంత చిన్న కారణం చాలునో చూడండి. లాప్‌టాప్ బోర్లించి అడుగున ఉన్న అక్షరాలు చదివించాం: 19.5 వోల్టులు, 7.7 ఆంపియర్లు. చార్జరు మీద: 19.5 వోల్టులు, 3.33 ఆంపియర్లు. ఆ అమ్మాయి చేతనే గుణకారం చేయించాం. 19.5ను 7.7తో గుణిస్తే 150. 19.5ను 3.33తో గుణిస్తే 65. "సగం కూడా లేదు సార్" అంది. బ్యాటరీ మార్చి ఉంటే దాతల అమానత్ సొమ్ము ఖర్చయ్యేది, జబ్బు అలాగే ఉండేది. విశాఖ నుంచి 150 వాట్లది తెప్పించాం. జిల్లా పేరు 2022లో అనకాపల్లి అయినా, ఇలాంటి సామానుకు చోడవరం వాళ్ళకు ఇంకా విశాఖ దారే గతి. అదే లాప్‌టాప్, అదే బ్యాటరీ, గేర్లు తిరిగాయి.

ఇక్కడ నేర్చుకోవలసిన సూత్రం ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అర్థమయ్యేదే: వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. చార్జరు మీద 'ఇన్‌పుట్', 'అవుట్‌పుట్' అని రెండు వరుసలుంటాయి. మనం చూడవలసింది అవుట్‌పుట్ వరుస. వోల్టులు అసలు చార్జరుతో సమానంగా ఉండాలి, 19.5 ఉన్నచోట 20 అయితే పెద్దగా ఫరవాలేదు గానీ 12 పనికిరాదు, 24 ప్రమాదం. ఆంపియర్లు మాత్రం సమానంగానైనా ఉండాలి, ఎక్కువగానైనా ఉండాలి. తక్కువ ఉండకూడదు. ఎక్కువ ఆంపియర్లుంటే లాప్‌టాప్ కాలిపోతుందని చాలామంది భయపడతారు. అది అపోహ. ఆంపియర్లు చార్జరు ఇవ్వగలిగిన శక్తికి హద్దు మాత్రమే. ఎంత కావాలో అంతే లాప్‌టాప్ తీసుకుంటుంది. పది బస్తాలు మోయగల బండిలో మూడు బస్తాలు వేస్తే బండికీ నష్టం లేదు, బస్తాలకూ నష్టం లేదు.

చిన్న చార్జరు తగిలిస్తే అన్ని లాప్‌టాప్‌లూ ఒకేలా ప్రవర్తించవు. డెల్, హెచ్.పి. చార్జర్ల పిన్ను మధ్యలో సూదిలాంటి సన్నని తీగ కనిపిస్తుంది. కరెంటు తెచ్చేది అది కాదు. "నేను ఇన్ని వాట్ల చార్జరును" అని లాప్‌టాప్‌కు పరిచయం చేసుకునేది అది. తక్కువ వాట్లని తెలిసినా, అసలు పరిచయమే అందకపోయినా లాప్‌టాప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కొన్నిసార్లు బ్యాటరీ ఎక్కించడం మానేస్తుంది. తెర మీద హెచ్చరిక వస్తుంది. ఇంగ్లీషులో వచ్చే ఆ హెచ్చరికను చదవకుండా మూసేయడం మన పిల్లలకు అలవాటు. మరికొన్ని యంత్రాలు లోటును బ్యాటరీ నుంచి లాక్కుని పూర్తి వేగంతో పనిచేస్తాయి. అప్పుడు ట్యాంకు కథే జరుగుతుంది. అలా రోజూ ఖాళీ చేసి నింపుతుంటే బ్యాటరీ ఆయుష్షు కూడా త్వరగా తరుగుతుంది.

ఇక చార్జరు సంగతి. తన శక్తికి మించి లాగితే మంచి చార్జరు తనను తాను ఆపుకుంటుంది. దాని దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, లాప్‌టాప్‌లో చార్జింగు గుర్తు వస్తూ పోతూ ఉంటుంది. నాసిరకం చార్జరుకు ఆ తెలివి ఉండదు. చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. గోడలోని 230 వోల్టులకూ పిల్ల ఒళ్ళో ఉన్న యంత్రానికీ మధ్య అడ్డుగోడ ఆ చార్జరు లోపలి ఇన్సులేషనే. అది వేడికి దెబ్బతింటే చెడేది లాప్‌టాప్ ఒక్కటే కాదు. అందుకే చార్జరు మీద బి.ఐ.ఎస్. గుర్తు, ఐ.ఎస్. 13252 అనే ప్రమాణం సంఖ్య, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయేమో చూడమంటున్నాం. ఆ నమోదు సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ అనే ఫోను యాప్‌లో కొట్టి అసలుదో కాదో ఎవరైనా చూసుకోవచ్చు. లేబులు మీద వాట్లు పెద్దవిగా అచ్చువేసి లోపల సరుకు తక్కువ పెట్టే నకిలీలు కూడా తిరుగుతున్నాయి మరి.

"మా అబ్బాయి ఫోన్ చార్జరు టైప్-సి, లాప్‌టాప్‌కీ అదే రంధ్రం ఉంది, పెట్టొచ్చా?" అని అడిగేవారున్నారు. టైప్-సి రంధ్రం ఉన్నంత మాత్రాన చార్జింగు తీసుకుంటుందని కాదు. కొన్ని లాప్‌టాప్‌లలో అది సమాచారం మార్చుకోవడానికే. తీసుకునే గేమింగ్ లాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ దారిలో 100 వాట్లే హద్దు. ఆ ప్రమాణాన్ని 2021లో 240 వాట్ల దాకా పెంచారు గానీ మన దగ్గరకు వచ్చే పాత యంత్రాలకు ఆ లాభం లేదు. పైగా 60 వాట్లు దాటాలంటే వైరు కూడా అయిదు ఆంపియర్లదై ఉండాలి. చదువుకోవడానికి, వీడియో పాఠాలు చూడడానికి టైప్-సి చార్జరు పనికొస్తుంది. బరువు పనికి అసలు చార్జరే.

సరైనది దొరికే దాకా చిన్న చార్జరుతోనే నెట్టుకురావలసి వస్తే, యంత్రాన్ని పూర్తిగా ఆపి బ్యాటరీ నింపుకోవాలి. వాడేటప్పుడు బ్యాటరీ పొదుపు పద్ధతిలో పెట్టి, తెర వెలుతురు తగ్గించి, నోట్సు, ఇంటర్నెట్టు వంటి తేలిక పనులకే పరిమితం కావాలి. చార్జరును పరుపు మీద, దిండు కింద పెట్టకూడదు. రాత్రంతా వదిలేసి పడుకోకూడదు. మూడు కాళ్ళ ప్లగ్గును రెండు కాళ్ళకు మార్చే ముక్క వాడితే ఎర్తింగు పోతుంది. లాప్‌టాప్ లోహపు భాగం తాకితే చెయ్యి జివ్వుమనడం చాలాసార్లు దానివల్లే.

గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి పంపే దాతలకు ప్రత్యేకంగా ఒక మాట. "అక్కడి ప్లగ్గు ఇక్కడి సాకెట్లో పట్టదు కదా" అని చార్జరు అక్కడే వదిలేసి లాప్‌టాప్ ఒక్కటే పంపుతున్నారు. దయచేసి అలా చేయవద్దు. చార్జరు ఇన్‌పుట్ వరుసలో 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే అది దుబాయిలోనూ డల్లాస్‌లోనూ చోడవరంలోనూ పనిచేస్తుంది. మార్చవలసింది గోడ నుంచి చార్జరు ఇటుక దాకా వచ్చే వైరు ఒక్కటే. ఆ వైరు ఊడి వచ్చేదే, మన ఊళ్ళోనే చౌకగా దొరుకుతుంది. వైరు కొనేటప్పుడు మాత్రం ఇటుక వెనక రంధ్రం ఆకారం చూసుకోవాలి. చిన్న చార్జర్లకు మూడు రేకుల పువ్వులాంటిది ఉంటుంది. పెద్ద గేమింగ్ చార్జర్లలో చాలావాటికి డెస్క్‌టాప్ కంప్యూటరుకు పెట్టే వెడల్పాటిది ఉంటుంది.

ఈ ఏడాది నుంచి మన సొసైటీకి వచ్చే ప్రతి లాప్‌టాప్ రసీదు మీద మూడు అంకెలు రాయిస్తున్నాం: అడుగున ఉన్న వోల్టులు, ఆంపియర్లు, వెంట వచ్చిన చార్జరు వాట్లు. అవే అంకెలు చీటీ మీద రాసి చార్జరు ఇటుకకు అతికిస్తున్నాం. చార్జరు లేకుండా వచ్చిన యంత్రాలకు కావలసిన వాట్ల పట్టిక కార్యాలయంలో ఉంచాం. లాప్‌టాప్ ఇవ్వలేకపోయినా చార్జరు ఒకటి ఇవ్వగలమనుకునే దాతలు ఆ పట్టిక చూసి, సంఖ్య రాసుకుని బజారుకు వెళ్ళవచ్చు.