భజనలో అందరూ పాడాలంటే పాటలు ఎలా ఎంచుకోవాలి?



మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి శనివారం సాయంత్రం భజన జరుగుతుంది. కొన్నాళ్ళు పాటల లిస్ట్ తయారు చేసే పని నాకు అప్పజెప్పారు. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, నీట్‌గా ఒక షీట్ చేసి, నాకు బాగా నచ్చిన కీర్తనలన్నీ అందులో పెట్టాను. సాహిత్యం టీవీ మీద కనిపించేలా ఏర్పాటు చేశాను. బాగా పాడేవాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళు అద్భుతంగా పాడారు. అందరూ మెచ్చుకున్నారు కూడా.

మూడు వారాలయ్యాక గమనించాను, నోరు తెరుస్తున్నది ఆ ఇద్దరే. మిగతావాళ్ళు వింటున్నారు, కొందరు ఫోన్ చూసుకుంటున్నారు. ఎప్పుడూ ముందు వరుసలో కూర్చుని తాళాలు వేసే ఒక బామ్మగారు అసలు రావడమే మానేశారు. ఎందుకని అడిగితే, "అవన్నీ నాకు రాని పాటలు బాబూ. వినడానికైతే ఇంట్లో టీవీ ఉందిగా" అన్నారు.

ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు.

వినడం వేరు, పాడటం వేరు

భాగవతంలో ప్రహ్లాదుడు తొమ్మిది రకాల భక్తి చెప్తాడు. మొదటిది శ్రవణం, రెండోది కీర్తనం. వినడం తక్కువేం కాదు, అదీ భక్తే. కానీ రెండూ వేరువేరుగా చెప్పాడు, అది గుర్తుంచుకోవాలి. కచేరీకి వెళ్తే వింటాం. భజనకి వచ్చేది మన గొంతు కూడా కలపడానికి. నేను చేసిన పొరపాటు ఏంటంటే, భజనకి కచేరీ లిస్ట్ తయారు చేశాను.

చర్చిలో కూడా ఇదే ప్రశ్న

మా ఆఫీసులో ఒక క్రైస్తవ స్నేహితుడు వాళ్ళ చర్చిలో ఆదివారం పాటలు ఎంపిక చేస్తాడు. లంచ్‌లో ఈ సంగతి చెప్తే నవ్వి, "మాకూ ఇదే గొడవ" అన్నాడు. బ్యాండ్ బాగుంటే జనం ప్రేక్షకులైపోతారట.

వాళ్ళు కలిసి ఎందుకు పాడతారు అని అడిగాను. బైబిల్లో పౌలు కొలొస్సయులకు రాసిన పత్రికలో, కీర్తనలతో ఒకరికొకరు బోధించుకోండి అనే అర్థం వచ్చే మాట ఉందట. అంటే పాట దేవుడికే కాదు, పక్కవాడికి కూడా. యూరప్‌లో ఒకప్పుడు ఆరాధనలో పాట ఎక్కువగా గాయక బృందానిది, భాష లాటిన్. మార్టిన్ లూథర్ మామూలు జనం కోసం జర్మన్‌లో పాటలు రాశాడు. 1524లో అచ్చయిన మొదటి లూథరన్ పాటల పుస్తకంలో ఉన్నవి 8 పాటలే! మన తెలుగులో పురుషోత్తమ చౌదరి (1803–1890) క్రైస్తవ గీతాలను మన కీర్తనల పద్ధతిలోనే రాశారు. తెలుగు చర్చిల్లో ఇప్పటికీ అవి పాడుతున్నారు.

విశ్వాసాలు వేరు. కానీ జనం నోట పాట పలకాలంటే ఏం చేయాలి అన్న ప్రశ్న ఇద్దరిదీ.

మన వాగ్గేయకారులు ఏం చేశారు?

త్యాగరాజస్వామి (1767–1847) పెద్ద పెద్ద కృతులతో పాటు దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు కూడా రాశారు. దివ్యనామ కీర్తనల్లో చాలావాటికి చరణాలన్నీ ఒకే వరుసలో నడుస్తాయి. ఒక చరణం పట్టుకుంటే మిగతావి కూడా వచ్చేసినట్టే. సంగీతం రానివాళ్ళు కూడా గోష్ఠిలో గొంతు కలపొచ్చు. అంత విద్వత్తు ఉన్నాయన ఇంత తేలిక వరుసలు కట్టారంటే, మనలాంటి వాళ్ళని లోపలికి పిలవడానికే అని నాకనిపిస్తుంది. అన్నమయ్య కూడా జోల, లాలి, జాజర, సువ్వి లాంటి జనం పాటల బాణీల్లో సంకీర్తనలు చెప్పాడు.

పాట ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

1. పల్లవి: కొత్తగా వచ్చినవాళ్ళు రెండోసారికి అందుకోగలరా? లేకపోతే ఆ పాట కచేరీకి ఉంచండి.

2. శ్రుతి: మగవాళ్ళకి సాధారణంగా ఒకటి దగ్గర, ఆడవాళ్ళకి ఐదు దగ్గర హాయిగా ఉంటుంది. ముందు పాడేవాళ్ళకి నప్పిన శ్రుతి అందరికీ నప్పదు. పై స్థాయిలో ఎక్కువసేపు నిలబడే పాటలు తగ్గించండి.

3. అర్థం: పాటకి ముందు ఒక్క నిమిషం భావం చెప్పండి. అర్థం తెలిస్తే గొంతు దానంతటదే కలుస్తుంది.

4. కొత్త పాట: వారానికి ఒకటి చాలు. దాన్నే నాలుగు వారాలు పాడండి. టీవీ మీద చూసి చదివే పాట కంటే నోటికొచ్చిన పాట నయం.

5. వరుస: గణపతితో మొదలుపెట్టి, మధ్యలో కీర్తనలు, అందరూ చప్పట్లు కొట్టేలా నామావళి, చివర మంగళహారతి.

6. పరీక్ష: ఒక చరణం అయ్యాక మైక్ ఆపేసి చూడండి. పాట ఆగిపోతే లిస్ట్ మార్చాలి.

ఈ లిస్ట్ పట్టుకుని బామ్మగారింటికి వెళ్ళాను. చూపించకుండా, "వచ్చే శనివారం మీరే ఒక పాట ఇవ్వండి" అని అడిగాను. ఆవిడ వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న ఒక మంగళహారతి పాడారు. ఎంత వెతికినా యూట్యూబ్‌లో దొరకలేదు. నా లిస్ట్ అలాగే ఉండి ఉంటే అది మాకెవ్వరికీ తెలిసేది కాదు.

ఇప్పుడు మా భజన ఆ హారతితోనే ముగుస్తుంది. శ్రుతి కొంచెం అటూ ఇటూ అవుతుంది, కానీ అందరూ పాడతారు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళకి వచ్చిన ఒక పాట ఈ వారం అడిగి నేర్చుకోండి. వచ్చే వీడియోలో కలుద్దాం. జై శ్రీరామ్!