వరద తీసిన ఊళ్లలో పసిపిల్లల కడుపు భద్రం: చేయవలసినవి - చేయకూడనివి

భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. వరద తీశాక బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల వైపు ఊళ్లకు వాంతులు, విరేచనాల భయం మొదలవుతుంది. మునిగిన బోర్లలో మురుగు కలుస్తుంది. అడవి అంచు గూడేల్లో కొందరికి చెలమ నీళ్లే దిక్కు.

నోటి ద్వారా వెళ్లిన క్రిములు పేగు లోపలి జిగట పొరకు తగులుతాయి. అక్కడ కాపలా ఉండేవి ఐజీఏ అనే యాంటీబాడీలు. క్రిములు పేగు గోడకు అంటుకోకుండా పట్టి మలంతో బయటికి పంపిస్తాయి. మన ఒంట్లో రోజూ తయారయ్యే యాంటీబాడీల్లో వీటిదే పెద్ద వాటా. అయితే పుట్టిన బిడ్డ పేగులో ఇవి దాదాపు ఉండవు. సొంతంగా తయారయ్యేదాకా తల్లిపాలే ఆధారం.

చేయవలసినవి

• పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టండి. ఐజీఏ అన్నిటికన్నా ఎక్కువ ఉండేది ఆ పసుపుపచ్చని చిక్కటి పాలలోనే.

• ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు మాత్రమే ఇవ్వండి. తల్లి ఏ నీళ్లు తాగుతుందో ఆ నీళ్లలోని క్రిములను ఆమె పేగు గుర్తుపడుతుంది. అక్కడి రక్షణ కణాలు రొమ్ముకు చేరి, వాటికి తగిన యాంటీబాడీలను పాలలోకి వదులుతాయి. ఏ ఊరి క్రిములకు ఆ ఊరి తల్లిపాలే విరుగుడు. డబ్బాపాలలో ఇది దొరకదు.

• 6, 10, 14 వారాలకు రోటావైరస్ చుక్కలు వేయించండి. పేగులోనే యాంటీబాడీలు పుట్టాలని ఈ టీకాను నోట్లో వేస్తారు. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ 2016లో జాతీయ టీకాల కార్యక్రమంలో చేరింది.

• తొమ్మిదో నెల నుంచి విటమిన్-ఏ మందు తప్పించవద్దు. అది తగ్గితే జిగట పొర దెబ్బతింటుంది. తినే వయసు పిల్లలకు మునగాకు, బొప్పాయి పెట్టండి.

• నీళ్లు కళపెళ మరిగించి, మూతపెట్టి చల్లార్చి వాడండి. క్లోరిన్ బిళ్ల వేస్తే అరగంట ఆగి తాగండి.

• విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తాన్ని లీటరు నీళ్లలో కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. ఏఎన్‌ఎం ఇచ్చిన జింకు బిళ్లలు 14 రోజులూ వేయండి.

చేయకూడనివి

• ముర్రుపాలు పిండి పారబోయకండి.

• తేనె, పంచదార నీళ్లు, మేకపాలు పుట్టిన బిడ్డ నాలుకకు రాయకండి. అడవి తేనె ఎంత స్వచ్ఛమైనదైనా ఏడాదిలోపు బిడ్డకు ప్రమాదమే.

• తల్లికి గానీ బిడ్డకు గానీ విరేచనాలు పట్టాయని పాలు మాన్పించకండి. యాంటీబాడీలు ఎక్కువ అవసరమయ్యేది అప్పుడే.

• మందుల దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ వేయకండి. వైరస్ విరేచనాలకు అది పనిచేయదు. పైగా పేగులోని మంచి సూక్ష్మజీవులను చంపుతుంది.

• తాగగలిగే బిడ్డకు సెలైన్ ఎక్కించమని పట్టుబట్టకండి. ఓఆర్‌ఎస్ చాలు.

• చుక్కలు వేయించాం కదా అని నీళ్లు మరిగించడం మానకండి. అవి రోటావైరస్‌కే, కలరాకూ టైఫాయిడ్‌కూ కాదు.

• పొయ్యి పొగలో పసిబిడ్డను పడుకోబెట్టకండి. ముక్కు, ఊపిరితిత్తుల పొరకూ ఇలాంటి కాపలానే ఉంది. పొగ దాన్ని బలహీనపరుస్తుంది.

వెంటనే ఆసుపత్రికి

కళ్లు లోతుకు పోవడం, మత్తుగా పడి ఉండటం, పాలు తాగలేకపోవడం, ఏది పట్టినా వాంతి కావడం, మూత్రం తగ్గడం, మలంలో రక్తం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. వాగు పొంగితే దారి తెగే గూడేలవాళ్లు ఇంతదాకా ఆగొద్దు. విరేచనాలు తగ్గకపోతే, వాన ముదరకముందే బిడ్డను వాగు దాటించండి. అప్పటికే పొంగితే నీళ్లలో దిగకండి. ఆశా కార్యకర్తకు కబురు పెట్టి, ఓఆర్‌ఎస్, తల్లిపాలు ఆపకుండా పడుతూ ఉండండి.