‘అంతా బాగుంది బిడ్డా’ అన్న జవాబును ఎట్లా రాసుకోవాలి?

ప్రశ్న: తార్నాక పరిసరాల వృద్ధాశ్రమాల్లో సర్వే చేస్తుంటే దాదాపు అందరూ ‘అంతా బాగుంది బిడ్డా’ అంటున్నారు. దీనిని జవాబుగా లెక్కించవచ్చునా? (పరిశోధక విద్యార్థిని, ఉస్మానియా విశ్వవిద్యాలయం)

జవాబు: ఆ మాట ఎవరి ఎదుట వచ్చిందో ముందు చూడాలి. ఆశ్రమవాసికి తిండి, మందు, పక్క అన్నీ నిర్వాహకుల చేతిలోనే ఉంటాయి గనుక, ఆయా గుమ్మంలో నిలబడి ఉండగా అడిగిన ప్రశ్నకు ఫిర్యాదు బయటికి రాదు. కన్నబిడ్డల పరువు నిలపాలన్న తపన కూడా ఆ ‘బాగుంది’లో కలిసి ఉంటుంది. వినేవారు మెచ్చే జవాబునే చెప్పే ఈ ధోరణిని సామాజిక ఆమోద పక్షపాతం అంటారు. ఎవరికీ వినబడని చోట కూర్చుని, ‘భోజనం బాగుంటుందా?’ అనకుండా, నిన్న రాత్రి ఏం పెట్టారు, ఎన్నింటికి పెట్టారు, ఇంకొంచెం కావాలంటే ఎవరిని అడుగుతారు అని అడిగితే, వారిని ఇరుకున పెట్టకుండానే సంగతులు తెలుస్తాయి. భాష మరో అడ్డంకి. ‘నిస్పృహకు లోనవుతున్నారా?’ అన్న ప్రశ్నకు తెల్లముఖం వేసిన అవ్వ, ‘ఏమన్న రంది ఉన్నదా?’ అంటే కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది.

2017–18లో 72 వేలమందికి పైగా వ్యక్తులతో జరిపిన మొదటి విడత జాతీయ వార్ధక్య అధ్యయనం (లాసీ) ఇళ్లను ఎంపిక చేసుకొని సాగింది. ఇల్లు విడిచి ఆశ్రమం చేరినవారి మాట వినడానికి ఇటువంటి చిన్న సర్వేలే దిక్కు గనుక, వాటిలో తొందరపాటు తగదు.

ప్రశ్న: విదేశీ ప్రశ్నావళిని తెలుగు చేసి వాడవచ్చునా? (అధ్యాపకుడు)

జవాబు: మాట మారిస్తే చాలదు. హైదరాబాదులో నర్సింగ్ హోమ్ అంటే కాన్పులు, ఆపరేషన్లు చేసే చిన్న ఆసుపత్రి. ‘నర్సింగ్ హోమ్‌లో ఎన్నాళ్లున్నారు?’ అంటే పెద్దాయన ఆపరేషన్ నాటి రోజులు లెక్కపెడతాడు. జ్ఞాపకశక్తిని అంచనా వేయడానికి 1975లో ఫోల్‌స్టీన్ బృందం రూపొందించిన పరీక్షలో వాక్యం రాయించే అంశం ఉంది. బడి ముఖం చూడని మనిషి అక్కడ మార్కు పోగొట్టుకుంటే అది మతిమరుపు కాదు, చదువు లేమి. వయసు తెలియనివారిని 1948 పోలీసు యాక్షన్ నాటికి పుట్టారా, 1969 తెలంగాణ ఉద్యమం నాటికి పెళ్లయిందా అని అడిగి అంచనా కట్టాలి. ఐదు జవాబులు వరుసగా చదివితే చివరిదే చెవిలో నిలుస్తుంది కాబట్టి, ముందు ‘అవునా, కాదా’ అని, తరువాత ‘కొంచెమా, బాగానా’ అని రెండు అంచెలుగా అడగడం మేలు. ముదిమిలో ముందు సన్నని ధ్వనులు వినబడకుండా పోతాయి. అరిస్తే గొంతు మరింత సన్నబడుతుంది గనుక, టీవీ, ఫ్యాను ఆపించి, ముఖం కనబడేలా ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించి నిదానంగా పలకాలి.

ప్రశ్న: ఆశ్రమ నిర్వాహకుల అనుమతి ఉంటే సరిపోదా? (ఎం.ఏ. విద్యార్థి)

జవాబు: సరిపోదు. అది గేటు దాటడానికే. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం సమ్మతి పాల్గొనే వ్యక్తి ఇవ్వాలి. చదువు రానివారి వేలిముద్రకు పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలి. సగంలో ‘ఇగ చాలు బిడ్డా’ అంటే కాగితం మడిచి, కాసేపు కూర్చుని, సెలవు తీసుకోవాలి. ‘మళ్ల ఎప్పుడొస్తవు?’ అని అడిగితే, రాలేని తేదీ చెప్పకూడదు.