విరాటసభలో సైరంధ్రి: గృహహింసయందు స్త్రీవాక్య ప్రామాణ్య విచారము

మహాభారతము విరాటపర్వమున ఒక సన్నివేశము కలదు. సైరంధ్రీవేషమున నున్న ద్రౌపది కీచకుని చేతినుండి తప్పించుకొని రాజసభకు పరుగెత్తివచ్చును. కీచకుడు వెంటబడి వచ్చి, ఆమె జుట్టు పట్టి, రాజు చూచుచుండగనే కాలితో తన్నును. ఆమె న్యాయము కోరును. అపుడు విరాటుడిచ్చిన సమాధానము వ్యాసుని మూలమున స్పష్టముగా నున్నది. మీ యిద్దఱి నడుమ నా కనుమఱుగున జరిగిన కలహమును నే నెఱుగను, నిజము తెలియక నేనేమి చేయగలను అని దాని భావము.

ఈ మాట పైకి న్యాయవాక్యమువలెనే కనబడును. ఉభయపక్షములను వినక తీర్పు చెప్పరాదనుట ధర్మశాస్త్ర సమ్మతమే. కాని తన్ను పడినది సభామధ్యమున. రాజు తాను చూచినదానిని విడిచి, చూడనిదానిని ఆశ్రయించెను. కీచకుడు రాజునకు బావమఱది, సేనాపతి. ఆ రాజ్యము అతని భుజబలముపై నిలిచియున్నది. కావున విరాటుని సంశయము జ్ఞానాభావమున పుట్టినది కాదు, భయమున పుట్టినది. ఇంట దెబ్బలు తిన్న స్త్రీ వచ్చి చెప్పినపుడు మనము పలుకు మాటలు విరాటుని మాటకు ఎంత దగ్గఱగా నున్నవో పరిశీలించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము. పూర్వులు చూపిన అధికరణ పద్ధతిని అనుసరించి విషయము, సంశయము, పూర్వపక్షము, సమాధానము, నిర్ణయము అను ఐదు అంగములతో దీనిని విచారించెదను.

విషయము

గృహహింస యనునది భర్తగాని, అతని బంధువులుగాని స్త్రీని శరీరముచేతను, మాటచేతను, ధనముచేతను పీడించుట. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 18 మొదలు 49 ఏండ్ల వయస్సు గల వివాహితలలో నూటికి 30 మంది భర్తచేత హింసకు గుఱియైనవారే. దేశమంతటను చూడగా హింసకు గుఱియైన స్త్రీలలో సహాయము కోరినవారు నూటికి 14 మంది మాత్రమే. వినినవారు నమ్మరను భయము ఈ మౌనమునకు ఒక ముఖ్యకారణము. అదే సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో నూటికి 80 మందికి పైగా ఏదో యొక కారణమున భర్త భార్యను కొట్టుట తగునని చెప్పిరి. బాధితురాలి మాటను పురుషులే గాక సాటి స్త్రీలును నమ్మక పోవుటకు మూలము ఇచట కనబడుచున్నది.

సంశయము

చూచినవారు లేనపుడు ఆమె యొక్కతె మాటను ప్రమాణముగా గైకొనవచ్చునా, కూడదా? ఈ సంశయము నాకు గ్రంథములలో పుట్టినది కాదు. 1980 దశకమున నేను పుంగనూరులో ఉండిన రోజులలో ఒకనాటి సాయంకాలము మా వీథి చివరి ఇంటి యిల్లాలు మా గడపలోనికి వచ్చినది. ముంజేతిపై కాలిన మచ్చ పచ్చిగా నున్నది. భర్త చేసిన పని యనియు, పెద్దమనుషుల యెదుట నేను ఒక మాట చెప్పవలె ననియు కోరినది. నేను మనుస్మృతి చదివినవాడను, వెంటనే, "చూచినవారెవరమ్మా?" అని అడిగితిని. ఆమె నా ముఖము చూచి, "పడింది నేను సామీ, నాకంటే చూసినోళ్లు ఎవరుంటారు?" అన్నది. నాకు సమాధానము తోచలేదు. సర్దుకొని పొమ్మని చెప్పి పంపితిని. కొన్ని దినములకు ఆమె బిడ్డను వెంటబెట్టుకొని కుప్పము దగ్గఱి పుట్టింటికి వెడలిపోయినదని విన్నాను. ఆమె మాటను ఏ ప్రశ్నయు లేక నమ్మినది ఆమె తల్లి. ఆ తల్లికి అక్షరము రాదు.

పూర్వపక్షము

స్త్రీవాక్యము ప్రమాణము కాదనువారి వాదములు నాలుగు. మొదటిది, మనుస్మృతి 8వ అధ్యాయము 77వ శ్లోకము: లోభము లేని పురుషుడొక్కడైనను సాక్షి కావచ్చును గాని, స్త్రీలు పలువురైనను, శుచులైనను, బుద్ధి అస్థిరమగుటచే సాక్షులు కారాదని దాని తాత్పర్యము. రెండవది, అదే అధ్యాయము 299వ శ్లోకము: తప్పు చేసిన భార్యను, పుత్రుని, దాసుని త్రాడుతోగాని వెదురుబద్దతోగాని కొట్టవచ్చునని అనుమతి యున్నది. మూడవది లోకోక్తి: సంసారం గుట్టు, రోగం రట్టు. నాలుగవది, అబద్ధపు ఫిర్యాదులు కలవు గావున నమ్మికకు ముందు నిరూపణము కావలెననుట.

సమాధానము

మొదటి వాదమునకు ఉత్తరము మనుస్మృతిలోనే ఉన్నది. 77వ శ్లోకము సామాన్యవిధి. అదే ప్రకరణమున 69వ శ్లోకము ఇంటిలోపల, అరణ్యమున, ప్రాణాపాయమున జరిగినదానికి అనుభవమున ఎఱిగిన వాడెవడైనను సాక్షి కావచ్చునని చెప్పుచున్నది. తగిన సాక్షులు దొరకనిచోట స్త్రీయు, బాలుడును, వృద్ధుడును సాక్ష్యము చెప్పవచ్చునని 70వ శ్లోకము. సాహసము, చౌర్యము, స్త్రీసంగ్రహణము, వాక్పారుష్యము, దండపారుష్యము అను వీనియందు సాక్షుల యోగ్యతను పరీక్షింపరాదని 72వ శ్లోకము. అప్పులకు, పొలముల గట్లకు చెప్పిన నియమమును నాలుగు గోడల నడుమ పడిన దెబ్బకు అన్వయించుట అపవాదమును విడిచి ఉత్సర్గమును పట్టుకొనుట. అది శాస్త్రపద్ధతి కాదు. ఈ శ్లోకములు సాక్షిని గూర్చినవే గాని వాదిని గూర్చినవి కావని ఒక ఆక్షేపము రావచ్చును. నిజమే. అయినను బయటివారు చూడ వీలులేని చోట నియమమును సడలింపవలె నను హేతువు రెండింటికిని సమానము. 69వ శ్లోకములోని ‘అనుభావి’ పదమును విద్యార్థులకు బోధించునపుడెల్ల పుంగనూరి యిల్లాలి మాట నాకు గుర్తుకు వచ్చుచుండెను. నేను కంఠస్థము చేసిన శ్లోకమునే ఆమె నాకు అర్థము చెప్పినది.

న్యాయశాస్త్రము ఇంకను స్పష్టము. ఆప్తుని ఉపదేశము శబ్దప్రమాణము. ఆప్తుడెవడనగా, విషయమును సాక్షాత్తుగా ఎఱిగి, ఎఱిగినదానిని ఉన్నదున్నట్లు తెలుపగోరువాడు. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునకును, మ్లేచ్ఛునకును సమానమని వాత్స్యాయన భాష్యము. జాతిని, విద్యను ఆప్తత్వమునకు నిమిత్తముగా భాష్యకారుడు చెప్పలేదు. స్త్రీత్వమును బాధకముగా చెప్పలేదు. దెబ్బ తిన్న దేహముకంటె సాక్షాత్కారము వేఱొకటి లేదు. మీమాంసకులలో కుమారిలభట్టు మతమున జ్ఞానమునకు ప్రామాణ్యము స్వతస్సిద్ధము. కారణదోషముగాని, బాధకజ్ఞానముగాని కలిగినపుడే అప్రామాణ్యము. దోషము చూపకయే శంకించువాడు విచారించువాడు కాడు. అట్టి శంకకు అంతము లేదు.

రెండవ వాదమున దండనము వీపుపైననే గాని తలపై కూడదనియు, హద్దు మీఱినవాడు చోరుని పాపము పొందుననియు తరువాతి శ్లోకము చెప్పుచున్నది. అంతమాత్రమున ఆ విధిని నేను సమర్థింపను. అదే శ్లోకమున భార్య ప్రక్కన దాసుడున్నాడు. 1843లో చేసిన చట్టముతో మన దేశమున దాస్యమునకు చట్టబలము పోయినది. నేడు దాసుని కొట్టు హక్కు నాకు కలదని శ్లోకము చదువువాడు లేడు. శ్లోకములో సగము మఱచి, మిగిలిన సగమును ఇంట నిలుపుకొనుట ఏ న్యాయము? లోకము గర్హించు ధర్మమును విడువవలెనని మనువే 4వ అధ్యాయమున చెప్పియున్నాడు. కౌటిల్యుడు భర్త ఇల్లు విడిచిపోయిన స్త్రీకి ఆఱు పణముల దండము విధించుచు, పీడింపబడి వెడలినచో ఆ దండము లేదని మినహాయించెను. వెడలిపోవుట ఆమె దోషము కాదని అర్థశాస్త్ర కాలముననే గుర్తింపబడినది.

ఇచట ఒక పదవిచారము అవసరము. పౌరుషము, పారుష్యము అను రెండు మాటలు చెవికి దగ్గఱ. పౌరుషము పురుషశబ్దభవము; పూనిక, కార్యదక్షత దాని అర్థము. పారుష్యము పరుషశబ్దభవము, కాఠిన్యము దాని అర్థము. వాక్పారుష్య, దండపారుష్యములు అష్టాదశ వ్యవహారపదములలోనివి, అనగా శిక్షింపదగిన నేరములు. మన ప్రాంతమున మీసము మెలివేసి ‘పౌరుషము’ అనిపించుకొనునది పెక్కుమార్లు పారుష్యమే. బాలురకు ఈ భేదమును ఇంటను, బడిలోను చిన్ననాడే నేర్పవలెను. కీచకునకు బలము కలదు, పౌరుషము లేదు.

ఈ ప్రాంతపు గ్రామదేవతా సంప్రదాయమును ఇదే చెప్పుచున్నది. పుంగనూరున సుగుటూరు గంగమ్మ, మదనపల్లె పుంగనూరుల నడుమ చౌడేపల్లె దగ్గఱ బోయకొండ గంగమ్మ, కుప్పమున తిరుపతి గంగమ్మ పూజలందుకొనుచున్నారు. తిరుపతి గంగమ్మ కథలో స్త్రీలను చెఱచిన పాలెగానిని దేవి వెదకి, దొర వేషమున వచ్చి, తల నఱకును. చెఱుపబడిన స్త్రీలను ‘సాక్షులేరి’ అని ఆ కథలో ఎవరును అడుగరు. అక్కడి జాతరలో పురుషులు స్త్రీవేషము ధరించి మ్రొక్కు తీర్చుకొందురు. దేవి కథను నమ్మి చేతులు జోడించువాడు పొరుగింటి స్త్రీ కథను వినునపుడు సాక్షిని కోరుట విచిత్రము.

మూడవ వాదమునకు ఆ లోకోక్తిలోనే ఉత్తరము కలదు. కొట్టుట సంసారమా, రోగమా? రోగమైనచో దానిని రట్టు చేయుమనియే సామెత విధించుచున్నది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో చేసినది ఇదే. సారా త్రాగివచ్చి కొట్టు భర్తలను గూర్చి ఒక్కొక్కతె చెప్పినపుడు అది ‘ఇంటి గొడవ’ అనబడినది. వయోజన విద్యాకేంద్రములలో కూడి, అందఱును కలిసి చెప్పినపుడు ఉద్యమమైనది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినను, ఆ స్త్రీల మాట అబద్ధమని ఎవరును అనలేదు. గుంపుగా చెప్పినపుడు నిజమైన మాట ఒంటరిగా చెప్పినపుడును నిజమే.

నాలుగవ వాదము కొట్టివేయదగినది కాదు. అబద్ధము స్త్రీపురుషులిద్దఱిలోను కలదు. అందుచేతనే రక్షణము వేఱు, దండనము వేఱు అని వివేచింపవలెను. దండనమునకు విచారణ కావలెను. రక్షణమునకు ఆమె మాట చాలును. నేటి శాసనములును ఇట్లే నడచుచున్నవి. 1983లో భారత శిక్షాస్మృతిలో చేరిన 498-ఎ నిబంధన 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 85, 86 విభాగములుగా నున్నది. క్రూరత్వమునకు మూడేండ్ల వఱకు కారాగారము విధింపవచ్చును. అయినను విచారింపక యాంత్రికముగా బంధింపరాదని 2014లో సర్వోన్నత న్యాయస్థానము హెచ్చరించినది. ఇది దండనమున జాగ్రత్త. 2006 అక్టోబరు 26న అమలులోనికి వచ్చిన గృహహింస చట్టము 23వ విభాగమున, స్త్రీ ప్రమాణపత్రమును ఆధారము చేసికొని ఎదుటివాడు రాకమునుపే తాత్కాలిక రక్షణ ఉత్తర్వు ఈయవచ్చును. ఇది రక్షణమున వేగము. ఆ ఉత్తర్వును భర్త ఉల్లంఘించెనని తేల్చుటకు ఆమె యొక్కతె సాక్ష్యము చాలునని 32వ విభాగము చెప్పుచున్నది. 69వ శ్లోకమునకును ఈ విభాగమునకును నడుమ రెండువేల యేండ్ల దూరమున్నను హేతువు ఒక్కటే: మూసిన తలుపు వెనుకటి సంగతి లోపల ఉన్నవారికే తెలియును.

నిర్ణయము

కావున గృహహింసయందు స్త్రీవాక్యము బాధకము కనబడువఱకు ప్రమాణమనియు, ఆ ప్రామాణ్యము తత్క్షణరక్షణమునకు పూర్ణముగాను, దండనమునకు విచారణాపూర్వకముగాను అన్వయించుననియు సిద్ధాంతము. న్యాయస్థానమున సందేహలాభము నిందితునకు ఈయవచ్చును. ఇంటి గడపలో నిలుచున్న స్త్రీకి మనమిచ్చునది తీర్పు కాదు, నీడ. అచట సందేహలాభము ఆమెకే చెందవలెను.

పండితులమైన మనకు ఇందు ఒక ప్రత్యేక బాధ్యత కలదు. పెద్దమనుషులు మన యొద్దకు శ్లోకము కొఱకు వత్తురు. 77వ శ్లోకము చెప్పి 69వ శ్లోకము దాచినచో ఆ దెబ్బలో మనకును భాగము కలదు. నేను ఒకనాడు అట్లే చేసితిని. విరాటుని దోషము కొట్టుట కాదు, చూచియు ఎఱుగననుట.

మదనపల్లెలోగాని, పుంగనూరులోగాని, కుప్పములోగాని మన గడపకు అట్టి తల్లి వచ్చినచో మొదట అడుగవలసినది ‘చూచినవారెవరు’ అని కాదు. ‘ఈ రాత్రి తలదాచుకొనుటకు చోటున్నదా, బిడ్డలు తిన్నారా’ అని అడుగవలెను. గాయమునకు మందు వేయించి, కావలసినచో 181 సంఖ్యకు ఫోను చేసి, ఆమె వెంట నడువవలెను. తక్కిన విచారణ మఱునాడు జరుగవచ్చును.