పార్ట్ టూ ఎప్పుడొస్తాది?

మొన్న మెస్‌లో పెరుగన్నం తింటుంటే ఒక జూనియర్ అడిగాడు: "అన్నా, జీటీఏ 6 వాళ్లు నిజంగా పని చేస్తా ఉండారా, లేకుంటే ఊరికే తేదీలు మారుస్తా ఉండారా?" అందరం నవ్వాం. నేను మాత్రం కొంచెం తక్కువ నవ్వాను. ఎందుకంటే అదే ప్రశ్న మా టీమ్‌ని కూడా అడగొచ్చు. ఫస్టియర్‌లో మొదలుపెట్టిన మా చిన్న గేమ్ ఇంకా పూర్తి కాలేదు. దాని సంగతి చివర్లో చెప్తాను. ముందు పెద్దవాళ్ల సంగతి చూద్దాం.

మూడేళ్లలో మూడు, పదమూడేళ్లకు ఒకటి

మనలో చాలామందికి మొదటి గేమ్ వైస్ సిటీ. నాకు దాన్ని చూపించింది మా పెద్దమ్మ కొడుకు. అన్న మిషన్లు ఆడేవాడు, నేను పక్కన కూర్చుని చీట్ కోడ్లు చదివి చెప్పేవాణ్ణి.

ఇప్పుడు తేదీలు చూడండి. జీటీఏ 3 వచ్చింది 2001 అక్టోబర్‌లో. వైస్ సిటీ 2002 అక్టోబర్‌లో. శాన్ ఆండ్రియాస్ 2004 అక్టోబర్‌లో. అంటే మూడేళ్లలో మూడు గేమ్‌లు! ఆ తర్వాత జీటీఏ 4కి 2008 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. జీటీఏ 5 వచ్చింది 2013 సెప్టెంబర్ 17న. ఇక జీటీఏ 6కి మొదట 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఆ తర్వాత 2026 నవంబర్ 19 అన్నారు. శ్రీ సిటీ ట్రిపుల్ ఐటీ మొదలైంది కూడా 2013లోనే. అప్పటి మొదటి బ్యాచ్ వాళ్లు చదువు ముగించుకుని వెళ్లి చాలా ఏళ్లయింది.

మొదటి మూడు అంత తొందరగా ఎలా వచ్చాయి? మూడూ ముందుగా ప్లేస్టేషన్ 2 కోసం చేసినవే. మూడింటికీ రెండర్‌వేర్ అనే ఇంజినే ఆధారం. మెషీన్ మారలేదు, పనిముట్లూ మారలేదు. ఒక గేమ్‌లో నేర్చుకున్నది తర్వాతి గేమ్‌లో నేరుగా పనికొచ్చింది. జీటీఏ 4 దగ్గరికి వచ్చేసరికి మెషీన్ మారింది, ఇంజిన్ కూడా మారింది. ప్లేస్టేషన్ 2 మెయిన్ మెమరీ 32 ఎంబీ. ప్లేస్టేషన్ 3లో మొత్తం 512 ఎంబీ. ప్లేస్టేషన్ 5లో 16 జీబీ. చోటు పెరిగింది కదా, ఇంకేం ఇబ్బంది అనిపిస్తుంది. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఆ చోటు నింపాల్సింది మనుషులే.

జీపీయూ మారితే గోడ మళ్లీ కట్టాలి

గేమ్‌లో ఒక గోడ ఉందనుకోండి. 1990ల చివర్లో అయితే చదునైన పలక ఒకటి పెట్టి దానిమీద బొమ్మ అతికిస్తే చాలు. గోడలో పగులుంటే దాని నీడను కూడా ఆర్టిస్టే ఆ బొమ్మలో చేత్తో గీసేసేవాడు. లైటు ఎటు తిరిగినా ఆ నీడ కదలదు.

2001లో ఎన్‌విడియా జీఫోర్స్ 3 వచ్చింది. ప్రతి పిక్సెల్ రంగు ఎలా లెక్కగట్టాలో మనమే చిన్న ప్రోగ్రామ్ రాసి చెప్పే వీలు దొరికింది. వాటినే షేడర్లు అంటాం. దాంతో గోడలో ఏ చోటు ఎటువైపు తిరిగి ఉందో చెప్పే నార్మల్ మ్యాప్‌ల వాడకం పెరిగింది. వాటి కోసం ముందు గోడను సన్నటి పగుళ్లతో సహా 3డీలో చెక్కాలి. ఆ తర్వాత వచ్చిన పద్ధతిలో ఆ గోడ ఎంత గరుకు, ఎంత నునుపు అన్నది కూడా చెప్పాలి. 2018లో ఆర్‌టీఎక్స్ కార్డులు వచ్చి కాంతి కిరణాల దారిని గేమ్ నడుస్తుండగానే లెక్కగట్టడం మొదలుపెట్టాయి. చేత్తో గీసిన ఆ పాత నీడ ఇప్పుడు అబద్ధమని ఇట్టే తెలిసిపోతుంది.

అంటే హార్డ్‌వేర్ మారినప్పుడు కోడ్ ఒక్కటి మారిస్తే సరిపోదు. బొమ్మలూ మళ్లీ చెయ్యాలి. ఒక్క గోడకే ఇంత పనుంటే ఊరంతటికీ ఎంత?

పైగా రెజల్యూషన్ ఒకటి. 1920×1080 స్క్రీన్‌లో 20,73,600 పిక్సెళ్లు. సెకనుకు 60 ఫ్రేములంటే సుమారు 12.4 కోట్ల పిక్సెళ్లు. 4కే అయితే దానికి నాలుగింతలు. ఒక్కో ఫ్రేముకు దొరికే టైమ్ మాత్రం అదే, 16.7 మిల్లీసెకన్లు. 4కే స్క్రీన్ మీద గోడ దగ్గరికెళ్లి చూస్తే ప్రతి లోపం కనబడుతుంది.

డ్యూక్ చేసిన తప్పు

ఈ పరుగులో ఓడిపోయిన గేమ్ డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్. 1996లో డ్యూక్ న్యూకెమ్ 3డీ పెద్ద హిట్టు. 1997లో త్రీడీ రెల్మ్స్ కంపెనీ దాని సీక్వెల్ ప్రకటించింది. ముందు క్వేక్ 2 ఇంజిన్ తీసుకున్నారు. 1998లో దాన్ని వదిలి అన్‌రియల్ ఇంజిన్‌కి మారారు. చేసిన పనిలో చాలా భాగం పక్కన పెట్టాల్సి వచ్చింది. ఇంకెవరి గేమ్‌లోనైనా కొత్త ఫీచర్ కనబడితే అది మనకూ కావాలి అన్నది వాళ్ల అలవాటైంది. ఎప్పుడొస్తుందని అడిగితే "అయినప్పుడు" అన్నదే జవాబు. 2009 మేలో డబ్బులైపోయి టీమ్‌ని పంపించేశారు. చివరికి గేర్‌బాక్స్ వాళ్లు పూర్తి చేయించి 2011 జూన్‌లో విడుదల చేశారు. అన్నేళ్లు ఎదురుచూసి ఆడినవాళ్లకు అది పాతగా అనిపించింది.

మన ఇళ్లలో ఎదిగే పిల్లలకు పండగ బట్టలు కుట్టిస్తారు చూడండి. ఈ సంక్రాంతికి కొలతలిచ్చి వచ్చే సంక్రాంతికి తెచ్చుకుంటే సరిపోవు. మళ్లీ కొలతలిస్తే మళ్లీ ఏడాది. టైలర్ ఎంత మంచివాడైనా పిల్లాడు మాత్రం చొక్కా లేకుండానే పండగ చేసుకుంటాడు.

ఆగకుండా ఇచ్చినవాళ్లు

దీనికి రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి హాఫ్ లైఫ్ 2 దారి. అది కూడా చెప్పిన 2003 దాటి 2004 నవంబర్‌లో వచ్చింది. కానీ డైరెక్ట్‌ఎక్స్ 7 తరం పాత కార్డు నుంచి అప్పటి కొత్త డైరెక్ట్‌ఎక్స్ 9 కార్డు దాకా దేనిమీదైనా నడిచేలా చేశారు. పాత కార్డులో నీళ్లు సాదాగా ఉంటాయి, కొత్త కార్డులో ఆ నీళ్లలో ప్రతిబింబాలు కనబడతాయి. ఆట మాత్రం అదే.

రెండోది జీటీఏ 5 దారి. 2013 సెప్టెంబర్‌లో అది ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360ల మీద వచ్చింది. ప్లేస్టేషన్ 3కి అప్పటికే దాదాపు ఏడేళ్లు. రెండు నెలలు ఆగితే ప్లేస్టేషన్ 4 మార్కెట్లో ఉండేది. ఆగలేదు. చేతిలో ఉన్న మెషీన్‌కి పూర్తి చేసి ఇచ్చేశారు. తర్వాత 2014లో ప్లేస్టేషన్ 4కి, 2015లో పీసీకి, 2022లో ప్లేస్టేషన్ 5కి మెరుగులు పెట్టుకుంటూ తెచ్చారు.

జీటీఏ 6 ఆలస్యానికి కారణం హార్డ్‌వేర్ ఒక్కటే అంటే తప్పే. మధ్యలో జీటీఏ ఆన్‌లైన్ నడిపారు, 2018లో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఇచ్చారు. జీటీఏ 5 ఇరవై కోట్ల కాపీలు దాటి అమ్ముడుపోతుంటే తొందర కూడా ఉండదు కదా. వాళ్లు ఆగగలరు. మనం ఆగలేం.

ఇక మా సంగతి

మాది నలుగురి టీమ్. పులికాట్ సరస్సు మీద ఎగిరే ఫ్లెమింగో మా హీరో. తోడు పక్షులతో నేలపట్టు చేరాలి, చేపలు పట్టాలి, గూటికి రావాలి. అంతే గేమ్. మొదట ఒక ఇంజిన్‌లో మొదలుపెట్టాం. యూట్యూబ్‌లో ఇంకో ఇంజిన్ నీళ్ల డెమో చూసి దానికి మారాం. నా ల్యాప్‌టాప్ దాన్ని మొయ్యలేక ఫ్యాన్ మోత మోగిస్తే మూడోదానికి మారాం. ఏడాదిన్నరలో నీళ్లు మూడుసార్లు మారాయి. పక్షి ఒక్కసారి కూడా నేలమీద వాలలేదు.

బొమ్మలన్నీ గీసే అన్న ఫైనల్ ఇయర్. మేలో వెళ్లిపోతాడు. డ్యూక్ కథ చదివిన రాత్రి ఆయనకి మెసేజ్ పెట్టాను. ఆయన జవాబు: "అయితే ఇంక నీళ్లు ముట్టుకోవద్దురా."

మర్నాడు హాస్టల్ గోడమీద మూడు లైన్లు రాసి అతికించాం:

1. టార్గెట్ ఒక్కటే: మా నాన్న పాత ఫోన్, 4 జీబీ ర్యామ్, సెకనుకు 30 ఫ్రేములు. అంటే ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు.
2. ఇంజిన్ మారదు. కొత్త వెర్షన్ వచ్చినా సరే.
3. లెవెల్స్ మూడే. మెరుగులన్నీ విడుదలయ్యాకే.

మన శ్రీ సిటీలో 2015లో ఫోన్లు బిగించడం మొదలైంది. రెడ్‌మీ 2 ప్రైమ్ ఇక్కడ తయారైందే. సాయంత్రం షిఫ్ట్ బస్సులు గేటు దాటి వెళ్తుంటే ఇప్పుడు నాకు ఒకటే అనిపిస్తుంది: కొత్త హార్డ్‌వేర్ రేపూ వస్తుంది, ఎల్లుండీ వస్తుంది. దానికోసం మనం ఆగితే అది మాత్రం మనకోసం ఆగదు.

పోయిన ఆదివారం మా ఫ్లెమింగో మొదటిసారి వాలింది. కాళ్లు కొంచెం నీళ్లలోకి దిగబడిపోయాయి. నీళ్లు కూడా అంత బాగా లేవు. కానీ వాలింది.

జూనియర్ తమ్ముడూ, జీటీఏ 6 సంగతి నా చేతుల్లో లేదు. మాది మాత్రం ఏప్రిల్‌లో వస్తాది. అన్న వెళ్లకముందే.